సంచిలో చెయ్యి

మా ఊరి పురపాలక కార్యాలయంలో ఓట్‌ఫ్రీడ్ రాప్ ముప్పై ఎనిమిదేళ్లు కంచెలు కొలిచాడు. వీధి వైపు కంచె నడుము దాకా ఉండొచ్చు, పక్కింటి వైపు భుజం దాకా ఉండొచ్చు, అంతకు మించి వేలెడు పెరిగినా ఇంటికి నోటీసు వచ్చేది. ఒక ఏడాది వానలు బాగా పడి ఆయన సొంత కంచె కూడా పెరిగింది. ఏం చేస్తాడో చూద్దామని వీధి వీధంతా కిటికీ తెరల వెనక నిలబడ్డాం. రాప్ టేపు తెచ్చుకుని తన కంచె తనే కొలుచుకున్నాడు, ఆఫీసుకెళ్లి తన పేరిట తనే నోటీసు రాసుకున్నాడు. రెండు రోజులకి అది తపాలాలో వస్తే కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, అప్పుడు కత్తెర పట్టాడు. ముందే కత్తిరిస్తే నోటీసు చెల్లదట.

కాబట్టి ఈయన్ని మోసగాడు అనడానికి వీల్లేదు. అదే మా ఖర్మ. మోసగాడైతే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడేవాడు.

నా పేరు వెండెలిన్. నలభై ఏళ్లు ఈ లోయలో బస్సు నడిపాను. రాప్‌ది మా ఎదురిల్లు. ప్రతి గురువారం సాయంత్రం అగ్నిమాపక దళం వాళ్ల మేడ గదిలో పదకొండు మందిమి చేరి బిళ్లలాట ఆడతాం. ఆట పేరు ‘వాగూ మరలూ’. చదరపు అట్ట బిళ్లలు ఒక గుడ్డ సంచిలో ఉంటాయి. వంతు వచ్చినవాడు చూడకుండా ఒకటి తీసి, బల్ల మీద ఉన్నవాటికి వాగు వాగుతో కలిసేలా పేర్చాలి. కావాలంటే ఆ వాగు మీద తన చెక్క నీటిమర బొమ్మ ఒకటి నిలబెట్టుకోవచ్చు. వాగుకి రెండు కొసలా చెరువు తగిలితే వాగు ముగిసినట్టు. మర ఎవరిదో వాళ్లు బిళ్లలు లెక్కపెట్టుకుంటారు, బిళ్లకొక పాయింటు. తరవాతివాడు సంచిలో చెయ్యి పెడతాడు. ఇంతే ఆట. డబ్బా మీద ‘ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు’ అని అచ్చేసి ఉంటుంది.

నియమాల పుస్తకం నాలుగు పేజీలు, అందులో ఒక పేజీ నిండా బాతు బొమ్మ. మిగిలిన మూడు పేజీలకి రాప్ అరవై ఒక్క పేజీల వివరణ రాశాడు. ఆకుపచ్చ ఫైల్లో, ఒక్కో కాగితాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, గురువారం గురువారం చంకలో పెట్టుకొస్తాడు. బిళ్ల బల్ల కింద పడితే ఏం చెయ్యాలి, తొమ్మిదో పేజీ. పేర్చేటప్పుడు తుమ్మొచ్చి బిళ్ల వంకర పడితే, ఇరవై రెండు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట ముందు, ముప్పై ఒకటి. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నాం, ఈయన ఎలుకను పట్టి దాని మీద కొండ పేర్చాడు.

మందుల షాపు ఆయన ఒకసారి బిళ్ల పెడుతూ అడిగాడు. “రాప్ గారూ, ఇది ఇలా పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు. కానీ పెట్టేశారుగా, ఇప్పుడు అడగడం చెల్లదు.”

“సరే, తీసేసి అడుగుతా.”

“తియ్యడం అసలే చెల్లదు.”

ఇలాంటి మనిషితో ఆడటం ఎందుకు అంటారా? ఆయన లేకపోతే మేం కొట్టుకు చస్తాం, అదీ నిజమే. ప్రతి మార్చిలో మాకు తుది ఆట ఉంటుంది, గెలిచినవాళ్లు తగరపు కప్పు ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుంటారు. కప్పు అడుగున ఏటేటా ఒక చిన్న ఇత్తడి రేకు, దాని మీద గెలిచినవాళ్ల పేరు. ఆ పేరు కోసం డెబ్బై ఏళ్లవాళ్లు ఎంతెంత గడ్డి కరుస్తారో నాకు తెలుసు. నేనూ కరిచాను.

ఇప్పుడు ఇర్మెలా గురించి చెప్పాలి. ఇర్మెలా ష్టోల్ దర్జీ. పెళ్లి గౌన్ల దగ్గర్నుంచి అగ్నిమాపక దళం జెండా దాకా మా ఊళ్లో గుడ్డతో చేసిందేదైనా ఆవిడ చేతి మీంచి పోవాల్సిందే. ఆటతో వచ్చిన కాగితపు సంచి చిరిగిపోతే, నీలం గుడ్డతో ఇప్పుడున్న సంచి కుట్టింది ఆవిడే. రాప్ భార్య చనిపోయినప్పుడు ఎవరూ అడక్కుండానే ఇర్మెలా ఆపిల్ కేకు చేసి పట్టుకెళ్లింది. ఆ సాయంత్రం ఇద్దరూ చెరో చిన్న గ్లాసు చెర్రీ సారా తాగి, ‘మీరు’ లోంచి ‘నువ్వు’ లోకి వచ్చారు. మా దగ్గర పాతికేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా ‘మీరు’ అనే అనుకుంటారు. ‘నువ్వు’ అన్నది గ్లాసు ఎత్తి ఇచ్చిపుచ్చుకోవలసిన వస్తువు. ఒకసారి ఇచ్చాక చచ్చేదాకా ఉంటుంది. నేనూ రాప్ ఎప్పుడో అలా ఇచ్చిపుచ్చుకున్నవాళ్లమే. వెనక్కి తీసుకోగా నేను చూసింది ఒక్కసారే.

అది తొమ్మిదేళ్ల కిందటి తుది ఆట. చివరికి ఇర్మెలా, రాప్ మిగిలారు. పాయింట్ల పట్టీ మీద గుర్తులు జరిపే పని నాది. సంచిలో రెండే బిళ్లలు. ఇర్మెలాకి పొడుగాటి వాగు ఒకటి బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి పాకి ఉంది, ఒక కొసన చెరువు పడాలి. ఆవిడ చెయ్యి పెట్టి తీసింది. చెరువు! పేర్చింది. పదకొండు బిళ్లల వాగు. ఆ పదకొండూ కలిస్తే కప్పు ఆవిడది, కలవకపోతే రాప్‌ది. పదహారేళ్లుగా ఆడుతున్నా ఆవిడ పేరు ఒక్క రేకు మీదా లేదు. కళ్లు తడిశాయో ఏమో, అద్దాలు తీసి జాకెట్టు అంచుతో తుడుచుకుంది. నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది, అంతే.

తుడుచుకుని పెట్టుకునేసరికి రాప్ చెయ్యి మణికట్టు దాకా సంచిలో ఉంది.

“నీ వంతు అయిపోయింది, ఇర్మెలా.”

“అదేంటి? నేనింకా లెక్కపెట్టనే లేదు.”

“లెక్కపెట్టకపోవడం నీ ఇష్టం. తరవాతివాడి చెయ్యి సంచిలో పడితే ముందువాడి వంతు ముగిసినట్టే. పధ్నాలుగో పేజీ.”

“ఆ పేజీ రాసింది నువ్వే కదా!”

“ఎవరు రాస్తే ఏం? నియమానికి మొహం ఉండదు. నేను నీ చోట ఉన్నా ఇదే మాట అనేవాణ్ణి.”

అనేవాడే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. నా వేలు ఇర్మెలా గుర్తు మీదే ఉంది. పదకొండు గళ్లు జరపాల్సిన వేలు. రాప్ నా వైపు చూశాడు, ఇర్మెలా నా వైపు చూసింది, నేను మాత్రం పట్టీ వైపు చూశాను.

ఇర్మెలా లేచి కోటు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, “కప్పు జాగ్రత్తగా తీసుకెళ్లండి, రాప్ గారూ,” అంది. ‘అండి’ అన్న చోట రాప్ మొహం చూడాలి. తన కంచె తనే కొలుచుకున్నప్పుడు కూడా అంత తెల్లబోలేదు మహానుభావుడు.

మరుసటి గురువారం ఇర్మెలా మామూలుగానే వచ్చింది, ఎప్పటిలా ఆపిల్ కేకు తెచ్చింది. పదకొండు మందికి పది ముక్కలు. ఎవరో తక్కువైందన్నారు. “లెక్క సరిగ్గానే ఉందండీ,” అందావిడ. ఇద్దరు రాని రోజు తొమ్మిది మందికి ఎనిమిది ముక్కలు. రాప్ ఇంటికెళ్లి మా బిళ్లలాట సంఘం నియమావళి అంతా తిరగేశాడట, కేకు గురించి ఒక్క ముక్కా లేదు. ఆ తరవాత డబ్బాలో ఒక ఉప్పు బ్రెజెల్ రొట్టె తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మేం కేకు తింటుంటే గోడవైపు కాస్త తిరిగి బ్రెజెల్ నమిలేవాడు. తొమ్మిదేళ్లు! మేం పది మందిమి పది ముక్కలూ తిన్నాం, వేళ్లు కూడా నాక్కున్నాం. ఇద్దరి మధ్యా ఒక మాట చెబుదామని ఒక్కడికీ బుద్ధి పుట్టలేదు. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అన్నట్టు మాకది గురువారం వేడుక.

కిందటి ఏడు రాప్‌కి పిత్తాశయం ఆపరేషన్ అయ్యింది. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లి, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి గురువారం కబుర్లు చెప్పాను.

“కేకు తెచ్చిందా?” అన్నాడు.

“తెచ్చింది.”

“ఎన్ని ముక్కలు?”

అబద్ధం చెప్పి ఉండాల్సింది. “పది,” అన్నాను.

“వచ్చింది ఎంతమంది?”

“పది మందిమి.”

“అంటే నేను లేకపోతే లెక్క సరిపోతోందన్నమాట,” అని కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన మీద నాకు జాలేసింది అదే మొదటిసారి. కానీ జాలిని నిలవనిచ్చే మనిషి కాదు. ఐదు నిమిషాల్లో ఇటు తిరిగి, “వెండెలిన్, నేను దీన్ని రుజువు చేస్తాను. ఆట చేసినాయన చేతే చెప్పిస్తాను. నాదే రైటని రుజువయ్యాక ఆవిడకి కోపం ఉండటానికి కారణమే ఉండదు కదా!” అన్నాడు.

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లని చూశాను. ఆ మూడు కాళ్లకి ధ్రువపత్రం తెచ్చి చూపిస్తే కుందేలు సంతోషిస్తుందనుకున్నవాణ్ణి మాత్రం ఇక్కడే చూశాను.

ఆట అచ్చేసినవాళ్లకి తొమ్మిది పేజీల ఉత్తరం రాశాడు, ఆనాటి బల్ల పటంతో సహా. ఏ బిళ్ల ఎక్కడుందో, ఎవరి మర ఎక్కడుందో, అన్నీ ఆ రాత్రే గీసి పెట్టుకున్నాడట. ‘మా ఆట పట్ల మీ ఉత్సాహానికి కృతజ్ఞతలు’ అని జవాబొచ్చింది, కవర్లో ఒక బాతు స్టిక్కరు. మళ్లీ రాశాడు. మళ్లీ బాతు. మూడో బాతు వచ్చాక, అక్టోబరులో ఎసెన్ నగరంలో జరిగే ఆటల సంతకి బయల్దేరాడు. ఆట సృష్టికర్త యోస్ట్ ఫెర్బర్ అక్కడ డబ్బాల మీద సంతకాలు పెడతాడని తెలిసింది. ఆపరేషన్ అయిన మనిషి కదా, సంచీ మోయడానికి నేను వెంట వెళ్లాను. సంచీలో ఫైలు, డబ్బా, రెండు ఉప్పు బ్రెజెళ్లు.

వరసలో గంటన్నర నిలబడ్డాం. ముందంతా పిల్లలూ తల్లులూ. ఫెర్బర్ ఎనభై దాటిన మనిషి, ఉన్ని టోపీ పెట్టుకుని పిల్లలు అడిగిన బొమ్మలు గీసిస్తున్నాడు. మా వంతు రాగానే రాప్ ఫైలు తెరిచాడు.

“ఫెర్బర్ గారూ, మొదటి ఆటగాడు వాగు ముగించాడు. లెక్క ఇంకా పెట్టలేదు. రెండో ఆటగాడు సంచిలో చెయ్యి పెట్టాడు. మొదటివాడి వంతు ఏ క్షణంలో ముగిసినట్టు? ఒకటి, బిళ్ల మీంచి చెయ్యి తీసినప్పుడా? రెండు, ఎదుటి చెయ్యి సంచిని తాకినప్పుడా? మూడు...”

“ఆగండాగండి. మొదటివాడు అప్పుడేం చేస్తున్నాడు?”

“కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.”

“ఎందుకు?”

“నియమానికీ దానికీ సంబంధం లేదండి.”

నేను వెనక నుంచి అందుకున్నాను. “సంతోషం పట్టలేక కళ్లు తడిశాయండి. ఆవిడ అప్పటికి పదహారేళ్లుగా ఒక్కసారీ గెలవలేదు. పదకొండు బిళ్లల వాగు.”

“అబ్బ, పదకొండా!” అన్నాడు ఫెర్బర్. “మరి చెయ్యి పెట్టిన రెండోవాడు ఎవరో?”

రాప్ కాసేపు ఫైలు సర్దుకున్నాడు. “నేనే,” అన్నాడు.

ఫెర్బర్ కలం పక్కన పెట్టాడు. “ఈ ఆట నా మనవల కోసం చేశానండి. చిన్నదానికి అప్పుడు ఏడేళ్లు. వాగు ముగిస్తే చాలు, కుర్చీ ఎక్కి గెంతేది. దాని గెంతుడు అయ్యేదాకా మాలో ఎవరూ సంచి జోలికి పోయేవాళ్లం కాదు. దానికి కూడా ఒక నియమం రాయాలని నాకు తోచలేదు, రాప్ గారూ.”

“రాయాల్సింది,” అన్నాడు రాప్.

నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. ఫెర్బర్ మాత్రం నవ్వలేదు. “నిజమే. నా తప్పే. ఇప్పుడు రాస్తాను,” అని డబ్బా మూత లోపలి వైపు రాశాడు: ‘సంచిలో చెయ్యి పెట్టే ముందు ఎదుటి మనిషి మొహం చూడాలి.’

“తేదీ కూడా వెయ్యండి,” అన్నాడు రాప్.

తిరుగు రైలెక్కి కూర్చున్నామో లేదో మొదలెట్టాడు. చేతిరాత అచ్చయిన నియమంతో సమానమా? మూత మీద రాసింది పుస్తకంలో రాసినట్టు అవుతుందా? ఒకవేళ అయినా ఇవాళ్టి తేదీ నుంచి వర్తిస్తుందా, వెనకటి ఆటలకి కూడానా? నాకు ఒళ్లు మండింది.

“ఓట్‌ఫ్రీడ్, ఇక నోరు ముయ్యి. నేను నలభై ఏళ్లు బస్సు నడిపాను. మలుపులోంచి ఒక ముసలావిడ సంచీ ఊపుకుంటూ పరిగెత్తుకొస్తుంటే అర నిమిషం ఆగమని నాకు ఏ కాగితంలోనూ రాసివ్వలేదు. ఆగేవాణ్ణి. ఆ కప్పు మీద నీ పేరు తొమ్మిదేళ్లుగా చిలుం పడుతోంది, నీకు కావాల్సింది మాత్రం ఆవిడ చేతి కేకు ముక్క. అది చెప్పడానికి నీకు అరవై ఒక్క పేజీలు పట్టింది, అయినా ఇంకా చెప్పలేదు!”

“నువ్వూ ఆ రోజు గుర్తు జరపలేదు,” అన్నాడు నెమ్మదిగా.

చెంప మీద కొట్టినట్టయింది. మాట నిజం. “జరపలేదు. సిగ్గుపడుతున్నాను. నువ్వు కూడా కాస్త పడు,” అన్నాను.

తరవాత మూడు గంటలు రాప్ ఆ మూత ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా స్టేషన్ దగ్గర పడుతుంటే, “నేను ఆ రోజు ఆవిడ మొహం చూడలేదు, వెండెలిన్. సంచే చూశాను,” అన్నాడు.

గురువారం వచ్చింది. ఇర్మెలా కేకు బల్ల మీద పెట్టింది, పది ముక్కలు. రాప్ ఫైలు తెరిచి లేచి నిలబడ్డాడు. మామూలు మనిషైతే ‘తప్పయింది’ అని మూడు సెకన్లలో తేల్చేవాడు. ఈయన చదివాడు.

“అరవై రెండో పేజీ. ఆట సృష్టికర్త స్వహస్తాలతో ఇచ్చిన వివరణ: సంచిలో చెయ్యి పెట్టే ముందు ఎదుటి మనిషి మొహం చూడాలి. ఈ నియమం ఆట పుట్టిన నాటి నుంచీ అమల్లో ఉన్నట్టు లెక్క. కనుక పధ్నాలుగో పేజీ రద్దు. ఆ పేజీ ఆధారంగా ఇచ్చిన తీర్పు రద్దు.” కిందటి మార్చిలో గెలిచినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న కప్పుని సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తొమ్మిదేళ్ల కిందటి, తన పేరున్న రేకు ఊడదీసి ఉంది. అక్కడ రెండు మేకుల చిల్లులు.

“కొత్త రేకేదీ?” అంది ఇర్మెలా, చేతులు కట్టుకుని.

“లెక్క పూర్తి కాకుండా పేరు చెక్కించడం కుదరదు, ష్టోల్ గారూ. ఆనాటి ఆట ఇంకా మీ వంతు దగ్గరే ఆగి ఉంది.”

ఎవరికో నవ్వొచ్చింది గానీ ఇర్మెలా చూపుకి అక్కడే ఆగిపోయింది. రాప్ తన పటం ముందు పెట్టుకుని, బిళ్ల తరవాత బిళ్ల, మర తరవాత మర, ఆనాటి బల్లని మళ్లీ పేర్చాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ కేకు ముట్టుకోలేదు. చివరి బిళ్లని నీలం సంచిలో వేసి, సంచిని బల్ల మధ్యలో పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పాయింట్ల పట్టీ నేను నా ముందుకి లాక్కున్నాను.

ఇర్మెలా కూర్చుంది. అద్దాలు తీసింది. జాకెట్టు అంచుతో తుడిచింది, ఒక అద్దం, రెండో అద్దం, మళ్లీ మొదటిది. రెండు నిమిషాలు తుడిచిందో మూడు నిమిషాలో. రాప్ నుదుటి మీద చెమట. చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.

అద్దాలు పెట్టుకుని, ఒక్కో బిళ్ల మీదా వేలు ఆనించి లెక్కపెట్టింది. “ఒకటి.” నేను ఒక గడి జరిపాను. “రెండు.” ఇంకొకటి జరిపాను. పదకొండు దాకా జరిపాను. ఆవిడ గుర్తు రాప్ గుర్తుని దాటి వెళ్లింది.

ఇర్మెలా పట్టీ వైపు చాలాసేపు చూసింది. తరవాత సంచిని రాప్ వైపు తోసింది.

“ఇప్పుడు తియ్యి నువ్వు.”

రాప్ చెయ్యి ఎత్తాడు, సంచి దాకా తెచ్చాడు, అక్కడ ఆపేసి తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు.

“ఇంకెంతసేపు చూస్తావయ్యా? తియ్యి, కేకు కొయ్యాలి,” అంది ఇర్మెలా. ఒక ముక్కని రెండు చెయ్యడానికి కత్తి అప్పటికే ఆవిడ చేతిలో ఉంది.